చూరు కింద చాప

నిరంజనదాసుకి తాడంటే పడదు. తాడుని చూసి పామని భ్రమపడతారని వేదాంతులు చెబుతారు కదా, ఇతని సంగతి అది కాదు. తాడని తెలిసే ఒంటికి తగలనిచ్చేవాడు కాదు.

అందుకు కారణం వాళ్ళ మఠం ఆచారం. కూర్మయ్యదాసుగారి మఠంలో దీక్ష పుచ్చుకునేవాడు ముందుగా కొండ కింద పారే గెడ్డలోకి దిగాలి. మొలలోతు నీళ్ళలో నిలబడి, చిన్నప్పటినుంచీ నడుముకున్న మొలతాడుని తన చేత్తో తనే తెంచి నీళ్ళలో వదిలెయ్యాలి. "ఇకమీదట నన్ను కట్టేది లేదు" అని పైకి అనాలి. ఆ తరవాత బతికున్నన్నాళ్ళూ అతని నడుముకి తాడన్నది తగలకూడదు.

చాలామంది శిష్యులు ఆ మాట అనేసి, ఒడ్డుకొచ్చి, పొడిబట్ట చుట్టుకుని, వంటశాలలో ఆ పూట ఏముందో కనుక్కునేవాళ్ళు. నిరంజనదాసు మాత్రం ఆ మాటనే పట్టుకుని కూర్చున్నాడు. తాడుని వదిలాడు గానీ మాటని వదల్లేదు.

ఆ ఏడు తుఫానుకి మఠంలో సభామండపం గడ్డికప్పు మొత్తం లేచిపోయింది. ఈసారి పెంకులు వేద్దామని అందరూ అనుకున్నారు. కొండ కింద ఊరి నుంచి పైడయ్యని పిలిపించారు. ఆ చుట్టుపక్కల ఏ ఇంటికి కప్పు వెయ్యాలన్నా అతనూ అతని మనుషులే రావాలి. మండపం ఎత్తైనది. వానలకి నీళ్ళు నిలవకుండా కప్పుని బాగా ఏటవాలుగా పెట్టారు. కింద చుట్టూతా రాతిపలకల వాకిలి.

పైడయ్యది ఒక పద్ధతి. ఏ ఇంటిమీదికి ఎక్కినా ముందు ఇంటి నెత్తినుండే కొప్పుదూలానికి తాళ్ళు కట్టేవాడు. ఒక్కో తాడు రెండో కొస ఒక్కో మనిషి నడుముకి బిగించాకే మొదటి పెంకు పైకి అందేది. పనికి సాయంగా ఎక్కిన మఠం శిష్యులకి కూడా అలాగే కట్టాడు. నిరంజనదాసు దగ్గరికి వచ్చేసరికి అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

తన దీక్ష సంగతి చెప్పాడు. శరీరం నిలవాలని ఆశపడేవాడికి తాడు కావాలి గానీ తనకెందుకన్నాడు. పైడయ్యకి కాషాయమంటే భక్తి. చేతులు జోడించి తాడు వెనక్కి తీసుకున్నాడు.

ఉన్నమాట చెప్పుకోవాలంటే నిరంజనదాసు కప్పుమీద బాగా నడిచేవాడు. వాసాల మీద అడ్డంగా కొట్టిన సన్నచెక్కలే మెట్లన్నట్టు, చేతిలో పెంకులు పట్టుకుని పైకీ కిందికీ తిరిగేవాడు. కింద నుంచి చూసేవాళ్ళకి గుండె ఝల్లుమనేది. వాళ్ళు చూస్తున్నారని అతనికి తెలుసు. తెలియనట్టు ఉండటం కూడా అతనికి బాగానే వచ్చు.

వైరాగ్యం ఒకరినుంచి ఒకరికి అంత తేలిగ్గా అంటదు. దాని డాబు మాత్రం గజ్జిలా అంటుకుంటుంది. ముందు మిగతా శిష్యులు తాళ్ళు విప్పేశారు. కాషాయం కట్టినవాళ్ళే విడిగా తిరుగుతుంటే మీసాలున్న మనం కట్టుకుని తిరగడం నామోషీ అనుకున్నారు పైడయ్య మనుషులు. వాళ్ళూ విప్పేశారు. చివరికి పైడయ్య కూడా, ఇది దేవుడి పని కదా, దేవుడే చూసుకుంటాడనుకున్నాడు. తాళ్ళన్నీ అరుగుమీద చుట్టలు చుట్టుకుని పడున్నాయి. ఒకదాన్ని ఎవరో బట్టలారేసుకోవడానికి కట్టేసుకున్నారు.

ఒకరోజు పొద్దున సన్నగా తుంపర పడింది. పైడయ్య భార్య ఆదెమ్మ అంబలికుండ నెత్తిన పెట్టుకుని కొండెక్కి వచ్చింది. ఆమె వాకిట్లో అడుగుపెట్టేసరికి పైడయ్య పైన పెంకుల మోపుతో జారాడు. కప్పుమీద వెల్లకిలా పడి చూరుదాకా వచ్చేశాడు. మడమ ఆఖరి చెక్కకి తట్టుకుని ఆగింది. పెంకులు మాత్రం ఆగలేదు. ఆదెమ్మ కాళ్ళముందు పడి ముక్కలయ్యాయి.

పైడయ్య లేచి కూర్చుని నవ్వాడు. అందరూ నవ్వారు. చూశావా, దేవుడే చూసుకున్నాడు కదా అన్నాడు నిరంజనదాసు పైనుంచి.

ఆదెమ్మ నవ్వలేదు. కుండ దించి తిన్నగా గురువుగారి దగ్గరికి వెళ్ళింది.

కూర్మయ్యదాసుగారు ముసలివారు. కప్పు ఎక్కే వయసు దాటిపోయింది గనక వంటశాల ముందు కూర్చుని చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నారు. ఆదెమ్మ వెళ్ళిన తీరు చూసి నిరంజనదాసు కూడా నిచ్చెన దిగి వచ్చి, ఓ పక్కగా నిలబడ్డాడు.

"బాబూ, మీరు మొలతాడు తెంపీసుకున్నారు. మావోడు తెంపుకోనేదు," అంది ఆదెమ్మ. "ఆడికి నానున్నాను, ఇద్దరు పిల్లలున్నారు. దాసుగోరిని సూసి తాడు ఒగ్గీసినాడు. నాను సెప్తే ఇనడు. రేపు ఆడు పడిపోతే దాసుగోరు పైనే ఉంటారు. నాను కిందుంటాను."

గురువుగారు వేళ్ళమధ్య ఉన్న రాయిని పక్కన పడేశారు. రేపు నేను చూస్తాను, వెళ్ళమ్మా అన్నారు.

ఇక తనవైపు తిరుగుతారని నిరంజనదాసు ఎదురుచూశాడు. గురువుగారు తాడు కట్టుకోమంటే ఏమనాలో, దీక్షలో అన్న మాట ఎలా గుర్తుచెయ్యాలో, అంతా మనసులో సిద్ధంగా ఉంది. మంచి మంచి వాక్యాలే కుదిరాయి. గురువుగారు అతని మొహం కూడా చూడలేదు. మళ్ళీ చేటలోకి వంగారు. నిరంజనదాసుకి కాస్త నిరాశే కలిగింది.

మర్నాడు పని మొదలయ్యాక గురువుగారు చంకలో చాప, చేతిలో చేట పట్టుకుని మండపం దగ్గరికి వచ్చారు. కప్పుమీద నిరంజనదాసు ఎక్కడున్నాడో తలెత్తి చూసుకున్నారు. సరిగ్గా అతని కింద, చూరుకి ఎదురుగా, రాతిపలకల మీద చాప పరిచి కూర్చున్నారు. బియ్యం ఏరడం మొదలుపెట్టారు.

పెంకు జారితే ప్రమాదమని నిరంజనదాసు పైనుంచి కేకేశాడు. ఇక్కడ గాలి బాగుంది అన్నారు గురువుగారు.

సరే, నేనే తప్పుకుంటానని అతను కప్పు రెండో చివరికి వెళ్ళాడు. కాసేపటికి కిందికి చూస్తే చాప అక్కడికీ వచ్చింది. అతను మధ్యకి జరిగాడు. గురువుగారు మోకాళ్ళమీద చేతులు ఆన్చుకుని మెల్లగా లేచి, చాప చుట్టి, మధ్యకి వచ్చి పరుచుకున్నారు. పైడయ్య మనుషులు పని ఆపి చూస్తున్నారు గానీ, అదేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఇన్నాళ్ళూ నిరంజనదాసు నడిచేటప్పుడు కిందికి చూసేవాడు కాదు. ఇప్పుడు ఎక్కడ కాలు పెట్టినా దాని కింద ఓ బట్టతల కనబడుతోంది. చెక్కని తట్టి చూసుకుని అడుగు వేస్తున్నాడు. నిన్నటిదాకా నిలిచిన కాళ్ళే, ఇవాళ అరికాళ్ళకి చెమటపట్టి చెక్కమీద నిలవడం లేదు. భయమేసింది.

"గురువుగారూ, అక్కణ్ణించి లేవండి."

"ఏం?"

"నేను జారితే మీ మీదే పడతాను."

గురువుగారు ఓ రాయి ఏరి పక్కన పెట్టారు. "నువ్వు జారవని అందరూ చెప్పుకుంటున్నారే."

నిరంజనదాసు ఉన్నచోటే కూలబడ్డాడు. చూపు తిప్పితే కప్పు అవతలి కొసన పైడయ్య కనిపించాడు. భుజాన పెంకుల మోపుతో చూరు అంచున నిలబడి ఉన్నాడు. నడుముకి ఏమీ లేదు. వాకిట్లో ఆదెమ్మ నిలబడి ఉంది. నెత్తిమీద అంబలికుండ ఇంకా దించలేదు. మొగుడి కాళ్ళవైపే చూస్తోంది. ఆమె ఎంతసేపటినుంచి అలా నిలబడి ఉందో అతనికి తెలీదు. రోజూ అలాగే నిలబడుతోందేమో, అతను ఎప్పుడూ చూడలేదు.

అతను గొంతు తగ్గించి అడిగాడు. "తాడు కట్టుకుంటే దీక్ష పోతుంది కదండీ."

"దీక్ష పోతే మళ్ళీ ఇస్తాను," అన్నారు గురువుగారు. "పైడయ్య పోతే ఆదెమ్మకి ఏమివ్వను?"

నిరంజనదాసు పైడయ్యని పిలిచి తాడు తెమ్మన్నాడు. పైడయ్య ఎందుకు ఏమిటని అడగలేదు. గబగబా దిగి అరుగుమీది తాళ్ళన్నీ ఎత్తుకొచ్చాడు. దండెం కట్టిన తాడుని కూడా బట్టలు కింద పడేసి మరీ తెచ్చాడు. ముడి వెయ్యబోతే నిరంజనదాసు వేళ్ళు సాగలేదు. పైడయ్యే అతని నడుముకి బిగించాడు. ఆపైన ఎవరూ చెప్పకుండానే తన నడుముకీ కట్టుకున్నాడు. మిగతావాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని తలో తాడూ అందుకున్నారు.

గురువుగారు చాప చుట్టి వంటశాలకి వెళ్ళిపోయారు. ఆదెమ్మ కుండ దించింది.

అలాగని నిరంజనదాసు ఒక్క పూటలో మారిపోయాడనుకోకండి. నడుముకి బిగిసిన తాడు అతనికి రోజంతా మంటపుట్టించింది. గురువుగారి కోసం కట్టుకున్నాను గానీ నాకోసం కాదు అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. కట్టుకున్నా కట్టుబడలేదులే అనుకున్నాడు. సాయంత్రం పని ఆగీ ఆగగానే అందరికంటే ముందు ముడి విప్పుకునేవాడు.

పని చివరికి వచ్చింది. కప్పు నెత్తిన వేసే మూతపెంకులు మాత్రమే మిగిలాయి. ఆ పొద్దున కొండమీద మంచు దట్టంగా దిగింది. కొత్త పెంకులు నూనె రాసినట్టున్నాయి. నిరంజనదాసు కొప్పుదూలం పక్కన కూర్చుని పెంకులు అందిస్తున్నాడు. పైడయ్య అందుకోబోయి వెనక్కి అడుగు వేశాడు.

ఆ అడుగు నిలవలేదు. ఈసారి మడమకి తట్టుకోవడానికి చెక్క లేదు. అన్నీ పెంకులే. పైడయ్య కప్పంతా జారి చూరు దాటి కిందికి పోయాడు. అరవను కూడా లేదు.

దూలం కిర్రుమంది. తాడు బిగిసింది.

పైడయ్య చూరు కింద గాలిలో వేలాడుతున్నాడు. గోడకి కొట్టుకుని మోచెయ్యి చీరుకుపోయింది, అంతే. కిందున్నవాళ్ళు నిచ్చెన తెచ్చి అతని కాళ్ళకి అందించారు. వాకిట్లో దిగి ముడి విప్పుకున్నాక కూడా అతను రాతిపలకల్నే చూస్తూ ఉండిపోయాడు. కబురు అంది ఊళ్ళోంచి పరుగెత్తుకొచ్చిన ఆదెమ్మ ముందు అతని వీపుమీద పిడికిలితో గుద్దింది. తరవాత అక్కడే కూర్చుని ఏడ్చింది.

ఇదంతా జరుగుతున్నా నిరంజనదాసు పైనుంచి దిగలేదు. చివరికి పైడయ్య మనుషుల్లో ఒకడు ఎక్కి చూశాడు. నిరంజనదాసు ఒక కాలు దూలానికి తన్నిపెట్టి, పైడయ్య తాడుని రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని వెనక్కి లాగుతున్నాడు.

"సామీ, ఆడు దిగీసినాడు," అన్నాడు ఆ మనిషి. "ఇంక ఒగ్గండి."

ఒక్కో వేలూ అతనే విడదీయాల్సివచ్చింది. తాడు పరుగెత్తిన దారిలో అరచేతుల తోలు లేచిపోయి ఉంది.

సాయంత్రం నిరంజనదాసు గురువుగారి దగ్గరికి వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు. పని ఆగి చాలాసేపైనా నడుముకి, దించేటప్పుడు కోసిన తాడుముక్క అలాగే ఉంది. విప్పడం మర్చిపోయాడు. గురువుగారు అతని చేతులు రెండూ తన ఒళ్ళోకి తీసుకుని దీపం దగ్గరికి పెట్టి చూశారు.

"తాడు దూలానికి కట్టే ఉంది కదా?"

"ఉందండి."

"గట్టిగానే కట్టారా?"

"పైడయ్యే కట్టాడండి. ఏనుగుని వేలాడేసినా ఊడదు."

"మరి నువ్వెందుకు పట్టుకున్నావు?"

నిరంజనదాసు చెప్పబోయి ఆగాడు. వెతుక్కున్నాడు. ఒక్క వాక్యమూ కుదరలేదు.

"తెలీదండి," అన్నాడు. "వదల్లేకపోయాను."

గురువుగారు ఆముదం గిన్నె అతని ముందుకి జరిపారు.

"రాసుకో. పొద్దున్నే మళ్ళీ ఎక్కాలి కదా."