రాజుగారి చేతి దారం

ఒకానొక రాజ్యంలో, అదెక్కడుందని మాత్రం నన్నడక్కండి, వేలంపాటలంటే చెవి కోసుకునే రాజుగారు ఉండేవారు. పేరు రణమార్తాండుడు. కోట ముందు పెద్ద వేలం మైదానం కట్టించి, దానికి సొంతంగా ఓ నియమం పెట్టారు.

సరుకు నచ్చితే కొన్నవాడు అమ్మినవాడి ముంజేతికి పసుపు దారం కట్టాలి. నచ్చకపోతే నల్ల దారం. అమ్మినవాడూ అలాగే కొన్నవాడి చేతికి కట్టాలి. నల్ల దారం పడినవాళ్ళు మైదానంలో కొనడానికీ వీల్లేదు, అమ్మడానికీ వీల్లేదు. ఇద్దరూ రాజీపడితే మాత్రం ఇద్దరి దారాలూ తీసేయొచ్చు. ఇక కొత్త వర్తకుణ్ణి తీసుకొచ్చినవారికి వెండి కంకణం బహుమానం.

మైదానం నిండా పసుపు చేతులే. "చూశారా! నా రాజ్యంలో మోసమన్నదే లేదు" అంటూ రాజుగారు మీసం మెలేసేవారు. ఈ వింత చూడటానికి పొరుగురాజును కూడా పిలిచారు.

ఆ ఆస్థానంలో కొండుభట్టు అనే విదూషకుడు ఉండేవాడు. ఒకనాడు నెయ్యి అమ్ముకునే సూరమ్మ ఏడుస్తూ అతని గుమ్మంలోకి వచ్చింది. ఆమె చేతికి నల్ల దారం ఉంది.

"అయ్యగారూ, వీరాస్వామి దగ్గర గేదెను పాడుకున్నానండీ. పొదుగు చూస్తే నిండుకుండలా ఉంది. ఇంటికి తోలుకెళ్ళాక చెంబెడు పాలు కూడా లేవు! రెండు పూటలు పితక్కుండా ఆపి, పొదుగు ఉబ్బించి అమ్మాడు. నల్ల దారం కట్టాను. ఆ నిమిషంలోనే నాకూ కట్టాడు."

"రాజీకి రమ్మన్నాడా?"

"రమ్మన్నాడండీ. నాకు ఊరూరా సంతలున్నాయి, నీకు ఇదొక్కటే, ముందు నువ్వు విప్పు అంటున్నాడు. ఇంట్లో నెయ్యి ముక్కిపోతోంది, నిజమే. కానీ మోసపోయి కూడా బాగుందని నా చేత్తో ఎట్టా చెప్పనండీ?"

కొండుభట్టుకు ఒళ్ళు మండిపోయింది. నవ్వించడమే వృత్తిగా బతికేవాడికి ఆ పూట నవ్వు రాలేదు. తిన్నగా రాజుగారి దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాడు.

"ఇన్ని పసుపు చేతుల మధ్య ఒక్క నల్ల చెయ్యి ఉందంటే, తప్పు ఆ చేతిదే!" అన్నారు రాజుగారు.

పక్కనున్న మహామంత్రి గబగబా తల ఊపాడు. వీరాస్వామిని తెచ్చి కంకణం పుచ్చుకున్నది ఆయనే మరి.

"ఈ నియమం అందరికీ ఒకటేనా ప్రభూ?"

"నాకైనా సరే, ఒకటే!" గర్జించారు రాజుగారు.

"అయితే రేపు నేనూ ఓ సరుకు వేలానికి పెడతాను."

ఆ మాట చెవిన పడగానే, కొత్త వర్తకుడు దొరికాడని మహామంత్రి ముందుకు ఉరికాడు. "ఇతన్ని తెస్తున్నది నేనే ప్రభూ! నా పేరే రాయించండి!"

మర్నాడు మైదానం కిటకిటలాడిపోయింది. కొండుభట్టు పంజరం మీది గుడ్డ లాగేశాడు. లోపల పచ్చటి చిలుక!

"మహాజనులారా! మహారాజుగారి బిరుదులన్నీ దీనికి కంఠతా వచ్చు!"

రాజుగారు సింహాసనం మీద నుంచి లేచి నిలబడ్డారు. "వంద వరహాలు!"

"నూటపది!" అరిచాడో రత్నాల వర్తకుడు.

"రెండు వందలు! అయిదు వందలు!" రాజుగారు తన పాట మీద తానే పాడేస్తున్నారు. జనం ఈలలు, చప్పట్లు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి! డప్పు మోగింది. పంజరం రాజుగారి ఒళ్ళోకి చేరింది.

"ఊఁ, పలుకు!"

చిలుక ఉలకలేదు, పలకలేదు. జామపండు కొరుక్కుంటూ కూర్చుంది. రాజుగారు బతిమాలారు, బెదిరించారు. జనంలో కిసకిసలు మొదలయ్యాయి.

"మోసం!" రాజుగారు నల్ల దారం అందుకున్నారు.

కొండుభట్టు కూడా వినయంగా ఓ నల్ల దారం తీశాడు. "కట్టండి ప్రభూ. ఆ వెంటనే నేనూ కడతాను. రేపు పొరుగురాజుగారు వచ్చేసరికి తమరు మైదానం బయట నిలబడాలి. నియమం తమకైనా ఒకటే కదా."

రాజుగారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. దారం వంక చూశారు, జనం వంక చూశారు. చెమటలు పట్టాయి. చివరికి నల్ల దారం కిందపడేసి, పళ్ళు నూరుకుంటూ పసుపు దారం కట్టారు. కొండుభట్టూ ఆయన చేతికి పసుపు దారమే కట్టాడు.

"మహారాజులుంగారు పరమానందభరితులయ్యారహో!" దండోరా వేశాడు డప్పువాడు.

"నిజంగా ఆనందించారా ప్రభూ?" నెమ్మదిగా అడిగాడు కొండుభట్టు.

రాజుగారు తన చేతి పసుపు దారం వంక చూసుకున్నారు.

"ఈ మైదానంలో చాలామంది ఆనందం ఇలాంటిదే. తమరికే ఇంత భయమేస్తే, నెయ్యి అమ్ముకుని బతికే సూరమ్మకు ఎంత భయం ఉండాలి? అయినా ఆమె నిజమే కట్టింది."

రాజుగారి ముఖం కందిపోయింది. "అసలీ భట్టును ఇక్కడికి తెచ్చిందెవరు?"

"నాకేం తెలుసు ప్రభూ! ముఖపరిచయమే!" మహామంత్రి కంకణం ఉన్న చేతిని వెనక్కి దాచుకున్నాడు.

అది చూసి రాజుగారు ఒక్కసారిగా పకపకా నవ్వారు. జనమంతా ఆయనతో కలిసి నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, సింహాసనం దిగి వెళ్ళి, సూరమ్మ చేతి నల్ల దారాన్ని స్వయంగా విప్పారు. వీరాస్వామి సొమ్ము తిరిగిచ్చి గేదెను తోలుకుపోవాలన్నారు. మహామంత్రి కంకణం ఊడదీయించారు.

"ఇప్పుడేం చేద్దాం భట్టూ?"

"కొన్నవాడూ అమ్మినవాడూ ఒకరికొకరు కనబడకుండా తమ దారం మూతకుండలో వేయాలి ప్రభూ. ఇద్దరివీ పడ్డాకే మూత తీయాలి. ఇక తెచ్చిన మనిషి మంచివాడని తేలాకే కంకణం."

"అలాగే! మరి ఈ మైదానానికి నిజాన్ని తెచ్చినవారికి బహుమానం ఉండాలిగా?" అంటూ రాజుగారు ఆ కంకణాన్ని సూరమ్మ చేతికి తొడిగారు. కొండుభట్టుకు తన భుజం మీది శాలువా కప్పారు. "అంతా బాగానే ఉంది, కానీ మూగచిలుకను నాకు అంటగట్టావు కదయ్యా!"

"అపచారం! నోట్లో జామపండు ఉన్నంతసేపే అది మూగ" అని కొండుభట్టు పండు తీసేశాడు.

చిలుక గొంతు సవరించుకుంది. "రాజాధిరాజ! రాజమార్తాండ! శత్రుభయంకర!" అంటూ మొదలుపెట్టి ఆగదే! ఎండ నెత్తికెక్కింది, బిరుదులు ఇంకా సగం కూడా కాలేదు.

రాజుగారు రెండు చెవులూ మూసుకుని, "చాలు మహాప్రభో, చాలు! దాని నోట్లో జామపండు పెట్టవయ్యా భట్టూ!" అని పడీ పడీ నవ్వారు.