తడి గోడ, టేకు బీరువా

1974వ సంవత్సరం, శ్రావణ మాసం. ఆ ఏడు వాన పట్టిందంటే పట్టింది. సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న గవరయ్యగారి ఇంట్లో ఉప్పు నీరుకారిపోయేది, అగ్గిపుల్ల గీస్తే వెలిగేది కాదు, ఆరేసిన పంచె మూడో నాటికి కూడా చెమ్మ వదిలేది కాదు.

గవరయ్యగారు ఆ చుట్టుపక్కల పల్లెలకు గురువు. ఆయన ఇంట్లో ఒక కట్టడి ఉంది. ఎవరు ఏ సందేహం అడగాలన్నా ముందు చీపురు పట్టాలి. కడిగిన నీళ్ళు నేరుగా పెరట్లో అరటి పాదుకు పోతాయి కనుక, అరటి తాగలేనిది ఏదీ ఆ గచ్చు మీద పోయకూడదు.

ఒకనాడు వడ్రంగి తవిటయ్య అరుగంతా ఊడ్చి, చేతులు కట్టుకుని నిలబడి, "గురువుగారూ, మీరు మంత్రం చెప్పి మూడేళ్ళయింది. రోజూ కూర్చుంటున్నాను. అయినా నాలుగు రోజులకోసారి కోపం మళ్ళీ మొలుస్తోంది. దాన్ని దేనితో కడగమంటారు?" అని అడిగాడు.

"ముందు ఆ నడిమి గది గోడ కడుగు" అన్నారు గురువుగారు.

నడిమి గది గోడల నిండా నల్లటి బూజు మచ్చలు. వంట చేసే పోలమ్మ ఆ గదిలోనే పడుకుంటుంది. ఆమెకు ఉబ్బసం. వానలు మొదలైన దగ్గరనుంచి గుండెల్లో పిల్లికూతలు. పౌర్ణమి నాడు వచ్చి అక్కను తనతో తీసుకుపోతానని ఆమె తమ్ముడు కబురు పెట్టాడు. "ఆడింట్లో తిండుంటాది గానీ మాటాడే మనిసుండడు" అని పోలమ్మ బెంగ. పౌర్ణమి ఇంకా పదిరోజులుంది.

ఆ గదిలో తవిటయ్య చేసిన టేకు బీరువా ఒకటి ఉంది. అయిదు నెలలు ఆ గదిలోనే కూర్చుని, ఒక్క మేకు కొట్టకుండా, తలుపుల మీద చిలకలూ తీగలూ చెక్కి గురువుకు సమర్పించాడు. గడప దాటి వచ్చినవాడికి ఎదురుగా అదే కనిపించాలని తూర్పు గోడకు నిలబెట్టాడు. వచ్చినవాళ్ళు గురువుకు దణ్ణం పెట్టకముందే దాన్ని తడిమి చూసేవారు. తవిటయ్య మాత్రం ఎటో చూస్తున్నట్టు నటించేవాడు.

మొదటి రోజు వేపాకు కాచిన నీళ్ళతో గోడ రుద్దాడు. గురువుగారు గుమ్మంలోంచి తొంగి చూసి, "ఆరిందా?" అన్నారు.

"శుభ్రంగా కడిగానండీ."

"కడిగావా అని అడగలేదు."

రెండు రోజులకు మచ్చలు మళ్ళీ వచ్చాయి. ఈసారి కుంకుడు నురుగు పెట్టి తోమాడు. మళ్ళీ "ఆరిందా?" అన్నారు. తవిటయ్యకు ఒళ్ళు మండింది. బస్తీ నుంచి ఘాటైన మందు డబ్బా తెస్తానన్నాడు. "తే. మొదటి గ్లాసు అరటికి పొయ్యి" అన్నారు గురువుగారు. తవిటయ్య పెరట్లో సగం ముదిరిన గెల వంక చూసి ఆ మందు మాట మానుకున్నాడు. గుల్ల సున్నం కొట్టాడు. ఆ ముసురులో అది ఆరక, పిండిముద్దలా అలాగే ఉండిపోయింది.

"ఏటి తవిటన్నా, గోడకి రోజూ తలంటుతున్నావు. మా అమ్మ నాకే అన్ని నీళ్ళు పొయ్యనేదు" అని నవ్వబోయి పోలమ్మ దగ్గులో పడిపోయింది. ఆ దగ్గు ఆగేదాకా తవిటయ్య చీపురు పట్టుకుని నిలబడ్డాడు.

పౌర్ణమికి రెండు రోజులుందనగా కుంపటి తెచ్చి, చెమ్మ పీలుస్తుందని గది మధ్యన పెట్టాడు. తడి బొగ్గులు కావడంతో పొగ లేచింది. ఆ పొగ గదంతా తిరిగి, పోయే దారి లేక బీరువా నెత్తిన మబ్బులా కూర్చుంది.

"ఓలమ్మో, పొగ కూడా నీ బీరువాకి దణ్ణమెట్టుకుంటన్నాది!" అంది పోలమ్మ బయటినుంచి.

తవిటయ్య నవ్వలేదు. బీరువా వెనక చెయ్యి దూర్చాడు. చెక్కా గోడా ఒక్కటే చెమ్మ. ఇంకా లోపలికి జరిపితే వేళ్ళకు కిటికీ రెక్క తగిలింది. అక్కడ కిటికీ ఉందని అతనికి తెలియక కాదు. కిటికీకన్నా బీరువా చూడ్డానికి బాగుంటుందనుకున్నాడు, అంతే.

గదిలో దాన్ని జరపడానికి చోటు లేదు. ఒకపక్క గురువుగారు పగటిపూట నడుం వాల్చే మంచం, మరోపక్క వంటింటి గుమ్మం. తాడుతో ఎటు తిప్పి కొలిచినా తలుపుకన్నా బీరువా జానెడు ఎక్కువే. ద్వారబంధం పీకితే మట్టిగోడ కూలుతుంది. విడదీద్దామంటే చెమ్మకు అతుకులన్నీ ఉబ్బి బిగుసుకుపోయాయి. ఆ పనితనమే కదా తన గొప్ప! కాసేపు చిలకల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తర్వాత వెళ్ళి రంపం తెచ్చాడు.

పోలమ్మ కంగారుపడి, "ఒద్దన్నా! నానే తమ్ముడింటికి పోతాను. బంగారం లాంటి సామాను!" అంది.

"నోరు ముయ్యి. వచ్చి అటుపక్క పట్టుకో" అని కసిరాడు తవిటయ్య. కసిరినవాడే తన గొంతు తను విని ఫక్కున నవ్వాడు. పోలమ్మా నవ్వింది. మంచం మీద గురువుగారు అటు తిరిగి పడుకున్నారు గానీ, ఆయన వీపు కూడా కదిలింది.

మధ్యాహ్నానికి కిటికీ తెరిచారు. సముద్రపు గాలి గది నిండా తిరిగి ఎదుటి గుమ్మంలోంచి వెళ్ళింది. పౌర్ణమి నాటికి సున్నం తెల్లగా తేలింది. తమ్ముడు వచ్చి, అక్క చేతి పులుసు రెండుసార్లు వేయించుకుని తిని, ఆమె ఊపిరి విని, ఒక్కడే బస్సెక్కాడు.

అప్పుడు తవిటయ్య, "గురువుగారూ, నేనడిగిన దానికి మీరింకా చెప్పలేదు" అన్నాడు.

ఆయన కిటికీ కింద చాప చూపించి, "గాలి వస్తోంది. అక్కడ కూర్చో" అన్నారు.

బీరువా రెండు సగాలుగా బయటికి వచ్చింది. దాన్ని మళ్ళీ అతకడం కుదరలేదు.