మూడు వందలమందికి కుదిరిన పథ్యం

పేరు చెబితే ఆ ఊరివాళ్ళు నొచ్చుకుంటారు గానీ, ఒకానొక రాజ్యంలో గండరాయుడనే రాజు ఉండేవాడు. తనకు తెలియనిది లోకంలో లేదని అతని నమ్మకం.

ఒక ఏడు రాణి కనకాంబ జ్వరపడింది. ఆస్థాన వైద్యుడు సోమనభట్టు ఇచ్చిన చూర్ణానికి జ్వరం తగ్గింది గానీ, కళ్ళు తిరిగి ఆమె మంచం దిగలేకపోయింది. మంత్రసాని నాంచారమ్మ వచ్చి చూసి కంగారుపడింది.

"ఈ మోతాదు ఎవరి మీద చూసి కట్టారు, అయ్యవారూ?"

"కోటలో మల్లుల మీద. నలభైమందికీ నయమైంది."

"మల్లుడికి సరిపోయింది మహారాణికెలా సరిపోతుంది? ఆడవాళ్ళ మీదా చూడాలి కదా. నన్ను వైద్యశాలలోకి రానివ్వండి, నేను చూస్తాను. ఇంకో వారం ఇదే మింగితే ఆ తల్లి దక్కదు."

పక్కనే ఉన్న రాజు మీసం దువ్వాడు. "ఒంట్లో ఆడా మగా ఏమిటి? ఒకరికి కుదిరిన మందు అందరికీ కుదురుతుంది. నువ్వు వెళ్ళి పురుళ్ళు పోసే పని చూసుకో."

నాంచారమ్మకు ఒళ్ళు మండింది. అయినా ఒక దండం పెట్టి వెళ్ళిపోయింది.

దేవుడు ఆమె పక్షాన ఉన్నాడు కాబోలు, మర్నాడే గుర్రం దిగుతూ రాజుకు నడుం పట్టేసింది. భట్టు తైలాలేవీ పనిచెయ్యలేదు. నాంచారమ్మకు కబురు వెళ్ళింది.

"నడుంనొప్పికి నా దగ్గర పథ్యం ఉంది ప్రభూ. మూడు వందలమందికి చేశాను, ఒక్కరికీ తేడా రాలేదు. చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి మరి."

"మూడు వందలమందా? ఇంకేం, కానివ్వు."

చెవుల్లో దూది పెట్టింది. తలకు గుడ్డ కట్టింది. నడుముకు పాతచీర బిగించింది. వేన్నీళ్ళు పోయించి, నులకమంచం కింద సాంబ్రాణి పొగ వేయించింది. పొద్దున్నే శొంఠీ మిరియాలూ దంచి చేసిన నిమ్మకాయంత కాయం ముద్ద, మధ్యాహ్నం వెల్లుల్లి కారంతో అన్నం. పాపం, రాజూ భట్టూ పురిటిగది గడప ఎన్నడూ తొక్కని మగమహారాజులు. వాళ్ళకేం తెలుస్తుంది?

మూడో రోజుకి రాజుకు వేడి చేసి నోరంతా పూసింది. దాసీలు నోట్లో కొంగులు కుక్కుకుని నవ్వుతుంటే, సంగతేమిటో చూద్దామని రాణి గోడ పట్టుకుని వచ్చింది. భర్తను ఎగాదిగా చూసింది.

"ఎవరు పుట్టారండీ? ఆడపిల్లా, మగపిల్లాడా?"

రాజు నాంచారమ్మ వైపు తిరిగాడు. "ఆ మూడు వందలమంది ఎవరు?"

"బాలింతలు ప్రభూ."

"నేను మగవాణ్ణి కదే."

"ఒంట్లో ఆడా మగా ఏమిటని తమరే సెలవిచ్చారు." ఆమె గొంతు తగ్గించింది. "తమకు మూడు రోజులకే నోరు పూసింది. రాణిగారు పదిరోజులుగా మల్లుల మందు మింగుతున్నారు."

భార్య గోడకు ఆనుకుని ఆయాసపడటం రాజు అప్పుడు చూశాడు. సిగ్గుపడ్డాడు. తర్వాత అద్దంలో తన వాలకం చూసుకుని, పట్టేసిన నడుం పట్టుకుని మరీ నవ్వాడు.

నాంచారమ్మ మోతాదు తగ్గించిన నాలుగోనాటికి రాణి లేచి తిరిగింది. ఆడవాళ్ళ మీద కూడా చూడనిదే ఏ మందూ ఎవరికీ ఇవ్వకూడదని రాజు శాసనం చేయించాడు. వైద్యశాలలో భట్టు పక్కనే నాంచారమ్మకు పీట వేయించాడు.

"మంత్రసాని పక్కన నేను కూర్చోవడమా?" అని భట్టు గొణిగాడు.

"నాంచారమ్మా, భట్టుగారికీ నడుం పట్టేసినట్టుంది, కాస్త చూడు," అన్నాడు రాజు.

భట్టు గబుక్కున పక్కకు జరిగి చోటిచ్చాడు.