డిస్ట్రిబ్యూటర్ని తిప్పిన అన్నదమ్ములు

ఊళ్ళో ఎవరికీ లేనంత తెలివి తమకే ఉందని గవర్రాజుకీ, వాడి తమ్ముడు అబ్బులుకీ గట్టి నమ్మకం. "మనకి ఒక్క మాట చెబితే చాలు, పొల్లుపోకుండా చేసేస్తాం" అని గవర్రాజు మీసం దువ్వేవాడు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ రోజు గవర్రాజు పెళ్లిచూపులు. వయసు నలభైకి దగ్గరపడుతుంటే దొరక్క దొరక్క దొరికిన సంబంధం. పిల్ల తండ్రి భీమేశ్వరరావు ముందే చెప్పేశాడు, మధ్యాహ్నంలోగా రాకపోతే ఇంకో సంబంధం వాళ్ళని రమ్మంటానని. తీరా బయల్దేరబోతే తాతలనాటి కారు టకటకా కొట్టుకుని ఆగిపోయింది. గవర్రాజు గుండె కూడా అలాగే కొట్టుకుంది.

అబ్బులు మెకానిక్ మస్తానుకి ఫోన్ చేశాడు.

"టైమింగు తప్పినట్టుందయ్యా. ఏం లేదు, ఒకటో సిలిండరు పైకి తెచ్చి, డిస్ట్రిబ్యూటర్ని వదులు చేసి కొద్దికొద్దిగా తిప్పండి. శబ్దం మారగానే బిగించెయ్యండి" అన్నాడు మస్తాను.

అంతే. ఇద్దరూ వంటింట్లోకి పరిగెత్తారు. అక్కడ గ్యాసు సిలిండర్లు రెండున్నాయి.

"ఒకటోది ఏదిరా?"

"పొయ్యికున్నదే అన్నయ్యా. రెండోది ఇంకా వాడందే!"

పప్పు సగం ఉడుకుతుండగానే దాన్ని ఊడబీకి డాబా మీదికి మోశారు. ఇక డిస్ట్రిబ్యూటరు కావాలి. ఊళ్ళో గ్యాసు డిస్ట్రిబ్యూటరు ఒక్కరే, పక్కవీధి పేర్రాజు గారు.

ఆయన అప్పుడే టిఫిను తిని వాకిట్లో పేపరు చదువుకుంటున్నారు. గవర్రాజు ఆయన్ని లేపి నిలబెట్టి, "ఏమనుకోకండి బాబాయిగారూ, ముందు వదులు చెయ్యాలి" అని బెల్టు విప్పాడు. ఇంకేముంది, అబ్బులు ఆయన భుజాలు పట్టుకుని గిరగిరా తిప్పాడు.

"ఒరే ఒరే! ఎందుకురా?"

"అన్నయ్య పెళ్లి కోసమండీ!"

తిరిగి తిరిగి ఆయన కేక కాస్తా మూలుగైంది.

"శబ్దం మారింది! బిగించెయ్ అన్నయ్యా!"

గవర్రాజు బెల్టుని ఆఖరి చిల్లుదాకా లాగి బిగించాడు. పేర్రాజు గారికి కళ్ళు తేలిపోయాయి.

చివరికి ఆయనే ఫోనందుకుని, "నువ్వు రాకపోతే వీళ్ళు నన్ను మళ్ళీ తిప్పుతార్రా" అని మస్తానుని బతిమాలుకున్నారు. మస్తాను వచ్చి బానెట్ ఎత్తి, ఇంజను పక్కన, దాని సిలిండర్లకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ని పిసరంత తిప్పి బిగించాడు. కారు మెత్తగా పలికింది.

"ఇందులోనూ ఒక డిస్ట్రిబ్యూటరున్నాడా! పాపం, అంత ఇరుకులో గ్యాసు ఎవరికిస్తాడు?" అన్నాడు గవర్రాజు.

మస్తాను నెత్తి కొట్టుకుని, "బ్యాటరీ వీకు. ఎక్కడా ఆపకుండా పోనివ్వండి" అన్నాడు.

ఆపలేదు. పిల్ల ఇంటి ముందు కూడా ఆపలేదు. నత్తనడకన పోతూనే గుమ్మంలో ఉన్న అందరికీ చెయ్యూపి ముందుకి సాగిపోయారు. పిల్ల చక్కగా ఉంది. గవర్రాజుకి ఏడుపొక్కటే తక్కువ. రైసుమిల్లు చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చారు.

"అమ్మాయి నచ్చిందా?" అని అరిచాడు భీమేశ్వరరావు.

"నచ్చిందండీ!" అనేలోపు కారు ఇల్లు దాటిపోయింది.

మళ్ళీ తిరిగొచ్చేసరికి పిల్ల పకపకా నవ్వుతూ వీధిలోకే వచ్చేసింది. భీమేశ్వరరావు కారు వెంట పరిగెడుతూ, "ముందు దిగండయ్యా బాబూ!" అన్నాడు.

కాబోయే మామగారి మాట! ఇంకేముంది, అన్నదమ్ములు చెరో తలుపూ తీసుకుని దిగిపోయారు. కారు మాత్రం తిన్నగా పోయి పంటకాలవలో దభీమని పడింది.

"కారు... కారు..." అంటూ భీమేశ్వరరావు నోరు తెరిచాడు.

గవర్రాజు చొక్కా సర్దుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీ మాటంటే అంత గౌరవమండీ మామగారూ. మేం దిగామా, చూడండి, అదీ దిగింది!"