పైడన్న జానెడు

అనగనగా, మోటారు కనబడితే ఎడ్లు పలుపుతాళ్ళు తెంపుకునే రోజుల్లో, ఒక లోగిలి ఉండేది. లోగిలికి ఒక నల్ల కారు. కారుకి ఒక పైడన్న. కారుకి పైడన్న ఉన్నాడు గానీ, పైడన్నకి కారెక్కడిది? ఒక్కనాడైనా అందులో కూర్చున్న పాపాన పోలేదు. తుడవడమే అతని పని.

ఎలా తుడిచేవాడు? తడిగుడ్డతో ఒకసారి. తేనెమైనం కరిగించి, కొబ్బరినూనె కలిపి, పూసి ఆరబెట్టి రెండోసారి. "హా" అని ఆవిరి ఊది, పాత పంచెముక్కతో గుండ్రంగా, గుండ్రంగా మూడోసారి. "దుమ్ముకొకటి, మైనానికొకటి, మొగానికొకటి" అని గొణుక్కుంటూ, తన మొహం కనబడేదాకా వదిలేవాడు కాదు. అప్పుడు మబ్బులు కారు మీద ఈదుకుంటూ పోయేవి. కొబ్బరిచెట్లు తలకిందులుగా ఊగేవి. పైడన్న చేతిలో గుడ్డతోనే అలా చూస్తూ ఉండిపోయేవాడు.

లోగిలి అమ్మగారికి ఒక్కతే కూతురు, రత్నాయి. ఐదేళ్ళ పిల్ల. ఒకనాడు వెనక తలుపుకి పూసిన మైనం ఆరకముందే వచ్చి అరచెయ్యి అద్దేసింది.

"ఇది నా చెయ్యి. తుడిచెయ్యకు పైడన్నా. రేపొచ్చి చూసుకుంటాను."

"అలగేనమ్మా. రేపు దాకా ఉంచీస్తాను."

ఆ సాయంత్రమే పిల్లకి జ్వరం తగిలింది. మూడోనాటికి పిల్ల పోయింది. అమ్మగారు గుండె రాయి చేసుకున్నారు. పిల్ల బట్టలూ బొమ్మలూ పంచేసి, ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తకూడదన్నారు. ఎవరూ ఎత్తలేదు.

పైడన్న మాత్రం ఆ జానెడు చోటు వదిలి తుడిచేవాడు. ఏళ్ళు గడిచేసరికి అది ఉత్త మరకలా మసకబారింది. కానీ "హా" అని ఊదితే చాలు, ఐదు వేళ్ళు లేచేవి. ఆవిరి ఆరగానే మాయమయ్యేవి. రోజూ ఒకసారి ఊది, వేళ్ళున్నాయని చూసుకుని ఇంటికి పోయేవాడు.

ఇంతలో అమ్మగారి తమ్ముడి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురు ఆ కారులోనే రావాలి. అమ్మగారు కారు చుట్టూ తిరిగి చూశారు.

"ఏమిటీ మరక, పైడన్నా? తుడువు."

"తుడవనండమ్మగోరూ."

మర్నాడు వచ్చారు. "తుడువు."

"తుడవనండమ్మగోరూ."

మూడోనాడు వచ్చారు. "తుడుస్తావా, గేటు బయటికి పోతావా?"

ఆ లోగిలి తప్ప పైడన్నకి వేరే దిక్కు లేదు. ఎందుకో చెప్పాలంటే ఆ పేరెత్తాలి. ఎత్తితే ఆ తల్లి ఏమైపోతుందో అని భయం. గుడ్డ కింద పెట్టాడు.

"పోతానండమ్మగోరూ."

అమ్మగారికి ఒళ్ళు మండింది. ఆ గుడ్డ తనే అందుకుని తలుపు దగ్గర కూర్చున్నారు. ఏళ్ళ తరబడి చూస్తున్న పనేగా! పైడన్న లాగే "హా" అని ఊదారు.

ఐదు వేళ్ళు లేచాయి.

గుడ్డ జారిపోయింది. వేళ్ళు ఆరిపోతుంటే ఆవిడ మళ్ళీ ఊదారు. మళ్ళీ ఆరిపోయాయి. మళ్ళీ ఊదారు. తన పెద్ద చెయ్యి ఆ చిన్న చెయ్యి పక్కన ఆనించి, "రత్నాయీ" అన్నారు. అన్నేళ్ళకి ఆ లోగిల్లో ఆ పేరు వినబడింది. పైడన్న కూడా ఏడ్చాడు.

"నాకెందుకు చెప్పలేదు, పైడన్నా?"

"పేరెత్తొద్దన్నారు గదండమ్మగోరూ. పాప రేపొచ్చి సూసుకుంతానంది. రేపు దాకా ఉంచుతానని మాటిచ్చీసినాను."

పెళ్ళికూతురు ఆ మరకున్న కారులోనే వచ్చింది. ముందు సీట్లో పైడన్నని కూర్చోబెట్టారు అమ్మగారు. దారి పొడుగునా అతను సీటు అంచునే కూర్చున్నాడట, ఎక్కడ మాసిపోతుందోనని.

పైడన్న పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ లెక్క తెలీదు. కానీ ఇప్పటికీ ఆ చుట్టుపక్కల, ఇంటి ముందు కారుకి మైనం రుద్దేవాళ్ళు వెనక తలుపు మీద కాస్త చోటు వదిలేస్తారు. దాన్ని పైడన్న జానెడు అంటారు. ఇంట్లో చిన్నపిల్లని పిలిచి అక్కడ చెయ్యి అద్దిస్తారు. పిల్ల ఆటకి పరిగెత్తిపోతుంటే వెనకనుంచి కేకేస్తారు.

"రేపొచ్చి చూసుకో అమ్మా! తుడవంలే!"