కీలీ వారి గంప

అనగనగా ఏడు సముద్రాలకు ఆవల ఐర్లండు అనే పచ్చని దేశం. దేశం పచ్చనిదే గానీ, దాని పడమటి కొసన సముద్రంలో ఉన్న ఒక దీవి మాత్రం ఒట్టి బండ. చెట్టు లేదు, చేమ లేదు. గాలి మాత్రం బోలెడు!

ఆ బండ మీద ఒకే ఒక్క పొలం పచ్చగా ఉండేది. అది కీలీ వారి పొలం. అంత బండ మీదికి మన్ను ఎలా వచ్చిందంటారా? రాలేదు పిల్లలూ, మోసుకొచ్చారు. ఏడు తరాల కిందట నిలువ నీడ లేని కీలీ దంపతులు ఆ దీవికి చేరారు. ఒడ్డున ఉన్న ఇసుకను, సముద్రపు నాచును గంపలకెత్తి, కొండ మీదికి మోసి, బండ సందుల్లో నింపారు. నాచు కుళ్ళింది, ఇసుకలో కలిసింది, మన్నయింది. ఆ మన్నులో గుప్పెడు బార్లీ మొలిచింది.

అప్పటినుంచి ఆ ఇంట ఒక ఆచారం. బిడ్డ పుడితే ఆ బిడ్డ పేర ఒక గంప నాచు పొలంలో పోయాలి. కోడలు వస్తే పుట్టింటి సారెగా ఒక గంప మన్ను తేవాలి. పెద్దలు పోతే వారి పేర ఇంకో గంప. అలా అలా పొలంలో మోకాటి లోతు మన్ను పేరుకుంది.

మన కథ నాటికి ఆ ఇంట మిగిలింది ఇద్దరే. అన్న కోల్మ్, చెల్లెలు ఊనా. తండ్రి కన్నుమూస్తూ ఆ పాత గంపను ఊనా చేతిలో పెట్టి, "పొలం మీ ఇద్దరిదీ తల్లీ. ఈ గంపను మాత్రం నువ్వు వదలకు" అన్నాడు.

కోల్మ్‌కు ఒళ్ళు మండింది. "అందరిళ్ళల్లో తాతల నాటి వెండి గిన్నెలుంటాయి, బంగారు పిడి కత్తులుంటాయి. మనకేమో ఈ చీకిపోయిన గంప! ఆస్తట, ఆస్తి!"

ఊనా ఏడుస్తూనే ఒడ్డుకు దిగి, తండ్రి పేర ఒక గంప నాచు మోసి పొలంలో పోసింది.

ఇక ఆ దీవికి హక్కుదారు ఎవరయ్యా అంటే, అవతలి ఒడ్డున ఉండే మోరన్ దొర. కీలీ వారు రాకముందే వాళ్ళ పూర్వీకుడికి అప్పటి రాజు ఆ దీవిని బహుమానంగా ఇచ్చాడు. ఆ పెద్దమనిషి పడవెక్కి వచ్చి, బండను చూసి, తూ అని ఉమ్మేసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ వంశంలో ఎవరూ అటు తొంగి చూస్తే ఒట్టు! పైగా ఆ సంగతి ప్రతి విందులోనూ చెప్పుకొని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవారు.

ఒక వేసవిలో మోరన్ దొర పడవలో పోతూ పండిన బార్లీ చేనును చూశాడు. కళ్ళు కుట్టాయి.

మొదటిసారి తియ్యగా మాట్లాడాడు. "అమ్మాయ్, ఈ గాలిలో ఏం పాట్లు పడతావు? మా ఊళ్ళో పెంకుటిల్లు ఇస్తాను, పాడి ఆవులిస్తాను. ఈ పొలం వదిలెయ్."

కోల్మ్ ఎగిరి గంతేశాడు. ఊనా మాత్రం, "మా అమ్మ పుట్టింటి మన్ను ఇందులో ఉంది దొరా. ఇవ్వను" అంది.

రెండోసారి మనుషులను పంపాడు. వాళ్ళు పొలం చుట్టూ ఉన్న రాతిగోడను కూలదోశారు. సందు దొరికితే గాలి ఊరుకుంటుందా? ఒక మూల మన్నంతా ఎత్తి సముద్రంలో పారబోసింది. ఊనా గుండెలు బాదుకొని ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకొని, రాళ్ళు పేర్చింది. మళ్ళీ గంప ఎత్తింది. చెల్లెలి భుజాల మీద ఒరిపిడి చూసి కోల్మ్ తల దించుకున్నాడు.

మూడోసారి మోరన్ దొర రాజుగారి సభకెక్కాడు. "ప్రభూ, ఆ దీవి మాది. వీళ్ళను ఖాళీ చేయించండి!"

"ఏమ్మా, దీవి ఆయనదేనా?" అని రాజు అడిగాడు.

"ఆయనదే ప్రభూ" అంది ఊనా.

"కొంప ముంచావు కదే!" అని కోల్మ్ నెత్తి కొట్టుకున్నాడు.

"ఒక్క మనవి ప్రభూ. దొరగారి పూర్వీకుడు దీవిని చూడబోయిన కథ ఉందట. అది దొరగారి నోటే వినాలట. ఒక్కసారి చెప్పమనండి."

అడగడమే ఆలస్యం, దొర మీసం దువ్వాడు. "ఏం చెప్పమంటారు ప్రభూ! చెట్టు లేదు, చేమ లేదు, పిడికెడు మన్ను లేదు! మా పెద్దాయన ఉమ్మితే ఆ ఉమ్మి ఇంకడానికైనా మన్ను లేదట!"

సభ ఘొల్లుమంది. నవ్వులు ఆగేదాకా నిలబడి ఊనా అంది. "పిడికెడు మన్ను లేదని తమరే అన్నారు. మరి ఇప్పుడున్న మన్ను ఎవరిది దొరా?"

దొర ముఖం మాడిపోయింది. "అది... గాలికి కొట్టుకొచ్చి ఉంటుంది!"

ఊనా పళ్ళెంలో నీళ్ళు తెప్పించి, పొలం నుంచి గంపలో తెచ్చిన మన్ను కొంత అందులో కడిగింది. అడుగున చిట్టి చిట్టి సముద్రపు గుల్లలు మిలమిలలాడాయి.

"కొండ మీదికి గుల్లలు ఎగిరి రావు ప్రభూ, మోస్తే వస్తాయి. ఇదిగో, ఈ ఎర్రమన్ను మా నాయనమ్మ పుట్టింటిది. ఈ నల్లమన్ను మా అమ్మది..." అంటూ గంపలోంచి ఒక్కో పిడికెడూ తీసి చూపించింది.

రాజు లేచి నిలబడ్డాడు. "బండ మోరన్‌ది. మన్ను కీలీ వారిది. ఇదే నా తీర్పు."

దొర అంత తేలిగ్గా వదిలే రకమా? "అయితే ఆమె మన్ను నా బండ మీద ఎందుకు ప్రభూ? ఎత్తుకుపొమ్మనండి!"

"అలాగే దొరా" అంది ఊనా. "పైకి మోసినవాళ్ళం, కిందికి మోయలేమా? దీవి పక్కనే సముద్రంలో ఎవరికీ పట్టని రాతిదిబ్బ ఒకటి ఉంది. ప్రభువులు ఇప్పిస్తే చాలు."

రాజు నవ్వి ఇచ్చేశాడు. సాక్షులుగా తన మనుషులను కూడా పంపాడు.

మర్నాడు ఊనా గంప అందుకోబోతే ఇంకో చెయ్యి ముందే అందుకుంది. కోల్మ్! "జరుగమ్మా. ఇన్నాళ్ళూ నువ్వే మోశావు" అన్నాడు. దీవిలో చేపలు పట్టి బతికే ఇరుగుపొరుగు వాళ్ళంతా తలా ఒక గంపతో కదిలారు. మన్ను పడవలకెక్కుతోంది. కింద నల్లని బండ జానెడు, మూరెడు, బారెడు బయటపడుతోంది.

దొర చూస్తూ నిలబడ్డాడు. మిగిలేది ఒట్టి బండే! ఈసారి విందుల్లో జనం చెప్పుకునేది తన కథే! రాజుగారి మనుషులు అప్పుడే మూతులకు చేతులడ్డం పెట్టుకొని నవ్వుతున్నారు.

"ఆపండి!" అని అరిచాడు. "ఈ బండ కొంటారా? ఏమిస్తారు?"

"మీ పెద్దాయన దానికి ఉమ్ము విలువ కట్టాడు. మేము మర్యాదస్తులం. ఒక గంప బార్లీ ఇస్తాం" అంది ఊనా.

దొర ఆ గంపెడు బార్లీ మూట కట్టించుకొని పడవెక్కాడు. దీవి దీవంతా కేకలు పెట్టి గంతులేసింది. దిగిన మన్ను మళ్ళీ కొండెక్కింది. రాజుగారిచ్చిన రాతిదిబ్బ ఎక్కడికీ పోలేదు, అది కూడా కీలీ వారికే మిగిలింది!

ఆ ఏడే కోల్మ్‌కు పెళ్ళయింది, కోడలు సారెగా గంప మన్ను తెచ్చింది. మరుసటేడు ఆడపిల్ల పుట్టింది. ఎవరూ చెప్పకముందే కోల్మ్ గంప భుజానికెత్తుకొని ఒడ్డుకు పరుగెత్తాడు.

విన్నారుగా పిల్లలూ! పెద్దలిచ్చిన ఆస్తి దాచుకుంటే మిగిలేది కాదు, ప్రతి తరమూ తన వంతు గంప మోసి కలిపితేనే నిలిచేది.