తెల్లరాయి ఎత్తు ఎండుపండ్లు

అనగనగా ఒక అడవి. ఆ ఏడు అక్కడ చుక్క వాన పడలేదు. నీళ్లు వెతకబోయిన ఒక తల్లి ఏనుగు లోయలో జారిపడి చనిపోయింది. దిక్కులేని గున్నను ఒక ఎలుగుబంటి తన గుహకు తెచ్చుకుంది. కానీ గున్న ఏమీ ముట్టడం లేదు. అమ్మ కాచే పండ్ల జావే కావాలంది. రోజురోజుకీ దాని కాళ్లలో బలం పోతోంది.

ఆ జావ సంగతి తల్లి ఏనుగు చెప్పగా ఎలుగుబంటికి తెలుసు. కుండెడు నీళ్లు, దోసెడు చోళ్ల పిండి, అదే రాగి పిండి, తెల్లరాయి ఎత్తు ఎండుపండ్లు. ఏనుగులు బరువును తొండంతో చూసుకుంటాయి. తల్లి ఏనుగు ముందు ఎలుగుబంటి గుహ పక్కనుండే తెల్లరాయిని ఎత్తేది, తర్వాత పండ్లను ఎత్తేది. రెండూ సమానమనిపిస్తేనే కుండలో వేసేది. ఎలుగుబంట్లు అలా కాదు. వాటికి ఏదైనా వెలగ చిప్పతోనే కొలత. కిందటేడు తల్లి ఏనుగు తూచిన ఎండు ఈతపండ్లు సరిగ్గా చిప్పెడు వచ్చాయి. తెల్లరాయి ఎత్తంటే చిప్పెడే అని ఎలుగుబంటి మనసులో పెట్టుకుంది.

ఈ ఏడు ఈతపండ్లు లేవు. గింజ తీసి ఎండబెట్టిన రేగుపండ్లే ఉన్నాయి. ఈతపండ్లు జిగురుగా అతుక్కుని ఉంటాయి. రేగు ముక్కలు తేలిక, వాటి మధ్య అంతా ఖాళీయే. ఎలుగుబంటి అది చూడలేదు. చిప్పెడు కొలిచి జావ కాచింది.

గున్న తొండం ముంచి తీసేసింది. ఇది ఉత్త నీళ్లని మొహం తిప్పుకుంది.

ఎలుగుబంటికి ఉక్రోషం వచ్చింది. రేగును దంచి, చిప్పలో కూరి కూరి నొక్కి వేసింది. ఈసారి జావ ముద్దయింది. ఆ పులుపుకి గున్నకు పొలమారింది. దగ్గి దగ్గి ముందుకాళ్లు మడిచి కూలబడింది. ఇక లేచే ఓపిక లేకపోయింది.

ఇక దోసెడు పిండే మిగిలింది. ఎలుగుబంటి మళ్లీ చిప్ప అందుకుంది. గుహ వాకిట్లో ఉన్న ముళ్లపంది ఊరుకోలేకపోయింది.

"అత్తా, అదే చిప్పతో ఒకసారి నీళ్లు చేశావు, ఒకసారి ముద్ద చేశావు. ఈసారి ఏం చేస్తావు?"

"ఈ చిప్పతో మీ తాతకి కూడా వండిపెట్టాను. నీ ముళ్లు సర్దుకుని పక్కకి జరుగు."

"మా తాత ఏం పెట్టినా తినేవాడు. ఈ బిడ్డ తినదు. ఆ తల్లి రాయి ఎత్తు అంది గానీ, చిప్పెడు అనలేదుగా."

ఎలుగుబంటి జవాబు చెప్పబోయింది. ఇంతలో గున్న కళ్లు మూతపడటం చూసింది. చిప్ప కింద పెట్టేసింది.

ఒక కర్రకు నడుమ తీగ కట్టి కొమ్మకు వేలాడదీసింది. రెండు చివర్లకూ ఆకు దొప్పలు కట్టింది. ఒక దొప్పలో తెల్లరాయి, రెండో దాంట్లో చిప్పెడు రేగు. రాయి వైపు కర్ర నేలకు వంగే ఉంది. ఇంకో అర చిప్ప పోసింది. కర్ర ఊగింది. ఇంకొన్ని ముక్కలు వేసింది. కర్ర అడ్డంగా నిలబడింది.

అంత తేడానా అని ఎలుగుబంటి గొణిగింది. ముళ్లపంది నవ్వబోయి, గున్నను చూసి ఆపుకుంది.

ఆఖరి కుండ ఉడికింది. ఎలుగుబంటి కాస్త జావ గున్న నోట్లో పోసింది. గున్న కదల్లేదు. మళ్లీ పోసింది. పెదవి కదిలింది. మూడోసారి పోయబోతే తొండం లేచి కుండను తన వైపు లాక్కుంది. అడుగంటా తాగాక గున్న తల ఎత్తింది.

"ఇంకా ఉందా, పెద్దమ్మా?"

"లేదు బంగారం. ఎండ తగ్గనీ, వెళ్లి పిండి తెస్తాను."

"నేనూ వస్తాను," అంటూ గున్న ముందుకాళ్లు నేలకు ఆనించి లేవబోయింది.

నీతి: వస్తువు మారినా అలవాటైన కొలతే పట్టుకుని కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది, పంతం పక్కన పెట్టి సరిచూసుకున్న చెయ్యే ఆకలి తీరుస్తుంది.